సెక్రెటిన్ చేయబోతున్న మేనకోడలికి

చిట్టితల్లీ,

నువ్వు ప్రాజెక్టుకి సెక్రెటిన్ అనే హార్మోన్ తీసుకున్నావనీ, మీ ల్యాబ్‌లో పెప్టైడ్లు (అమైనో ఆమ్లాల గొలుసులు) చేసే యంత్రం, సింథసైజర్, ఖాళీ లేక చేత్తోనే చేస్తానన్నావనీ మీ నాన్న చెప్పాడు. చెప్తున్నంతసేపూ వాడు మురిసిపోతున్నాడు, వింటున్నంతసేపూ నాకు గుండె దడ. 27 అమైనో ఆమ్లాల గొలుసు, అదీ మొదటిసారి, చేత్తో! మెచ్చుకోవాలో మొట్టికాయ వెయ్యాలో తెలియక రెండూ ఇందులోనే పెడుతున్నాను.

ఎంచుకున్నది మాత్రం మంచి పెప్టైడే. 1902లో బేలిస్, స్టార్లింగ్ సెక్రెటిన్‌ని కనిపెట్టడంతోనే హార్మోన్ల శాస్త్రం మొదలైంది. కడుపులోని ఆమ్లం చిన్నపేగులోకి దిగగానే ఇది రక్తంలోకి వస్తుంది, క్లోమం బైకార్బనేట్ వదులుతుంది. ఇది నీకు తెలుసు. నీకు తెలియనివి వేరే ఉన్నాయి.

ముందు వరస. నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాసి, ప్రతి అక్షరం కింద నంబరు వెయ్యి: హిస్-సెర్-ఆస్ప్-గ్లై-థ్రి-ఫె-థ్రి-సెర్-గ్లు-ల్యూ-సెర్-ఆర్గ్-ల్యూ-ఆర్గ్-గ్లు-గ్లై-అల-ఆర్గ్-ల్యూ-గ్లన్-ఆర్గ్-ల్యూ-ల్యూ-గ్లన్-గ్లై-ల్యూ-వాల్, చివర అమైడ్. ఇది మనిషిది, ద్రవ్యరాశి 3039.4. గొలుసు మాత్రం చివరి వాల్ నుంచి వెనక్కి పెరుగుతుంది, హిస్ ఆఖర్న పడుతుంది. పందిదైతే 15, 16 స్థానాల్లో గ్లు-గ్లై బదులు ఆస్ప్-సెర్ ఉంటాయి. మీ సార్ ఏది చెయ్యమన్నారో ఇంకోసారి అడుగు. ఎందుకో ముందుముందు తెలుస్తుంది.

గొలుసు కట్టే రెజిన్ పూసలు రింక్ అమైడ్‌వి తీసుకో, లోడింగ్ (గొలుసులు మొదలయ్యే చోట్లు) గ్రాముకి 0.3 మిల్లీమోల్ దాటనివ్వకు. 0.1 మిల్లీమోల్ స్కేలుకి సుమారు 330 మిల్లీగ్రాములు. డీఎంఎఫ్ అనే ద్రావణిలో అరగంట నానబెడితే సగ్గుబియ్యంలా ఉబ్బుతుంది. ఉబ్బకపోతే లోపలి అమైన్ల దగ్గరికి నీ రీఏజెంట్ చేరనే చేరదు.

అమైనో ఆమ్లం అమైన్‌ని మూసి ఉంచే ఎఫ్‌మాక్ తియ్యడానికి డీఎంఎఫ్‌లో 20 శాతం పిపెరిడిన్ అనే క్షారం, ముందు 5 నిమిషాలు, పారబోసి కొత్తది పోసి ఇంకో 15. తర్వాత డీఎంఎఫ్‌తో ఆరుసార్లు కడుగు. ఒక్క చుక్క పిపెరిడిన్ మిగిలినా తర్వాత వేసే అమైనో ఆమ్లాన్ని అది తినేస్తుంది. కప్లింగ్‌కి, అంటే తర్వాతి అమైనో ఆమ్లాన్ని కలపడానికి, 5 ఈక్వివలెంట్లు (గొలుసులకి ఐదు రెట్లు). వాలిన్‌కైతే ఎఫ్‌మాక్-వాల్ 170 మిల్లీగ్రాములు, కలిపే రీఏజెంట్ హెచ్‌బీటీయూ 186, క్షారం డీఐపీఈఏ 174 మైక్రోలీటర్లు. మోల్‌ల లెక్కలో హెచ్‌బీటీయూ అమైనో ఆమ్లం కంటే కాస్త తక్కువే ఉందని గమనించావా? మిగిలిపోతే అది నేరుగా గొలుసు చివరి అమైన్‌కి అంటుకుని అక్కడితో గొలుసుని మూసేస్తుంది. ద్రవ్యరాశిలో 98 పెరిగిన శిఖరం కనిపిస్తే కారణం అదే.

రసాయనవేత్త మెరిఫీల్డ్ 1963లో పూసల మీద గొలుసు కట్టే ఈ పద్ధతిని నాలుగు అమైనో ఆమ్లాల పెప్టైడ్‌తో చూపించాడు, 1984లో నోబెల్ వచ్చింది. అందులో ఉన్న తెలివంతా వడపోతలోనే. అక్కర్లేనిది కడిగితే పోతుంది. కానీ పూసకి అంటుకున్న తప్పు కడిగినా పోదు, చివరిదాకా గొలుసుతోపాటే వస్తుంది. లెక్క వేసుకో: 26 బంధాలు, ఒక్కొక్కటీ 99 శాతం పూర్తయితే చివరికి 77 శాతం సరైన గొలుసు. 97 శాతమైతే 45. అందుకే ప్రతి కప్లింగ్ తర్వాతా కైజర్ పరీక్ష చెయ్యి, కలవకుండా మిగిలిన అమైన్ ఉంటే అది చెబుతుంది, బద్ధకించకు. నిన్‌హైడ్రిన్‌తో 110 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు. పూసలు నీలమైతే మళ్లీ కప్లింగ్. ఇందులో ప్రోలిన్ లేదు గనక దానికి వాడే క్లోరనిల్ పరీక్ష అక్కర్లేదు. అయితే ఎఫ్‌మాక్ తీశాక సెర్, ఆస్ప్ ముదురు నీలం ఇవ్వకుండా ఎర్రమట్టి రంగుకి తిరగొచ్చు. అది చూసి ఎఫ్‌మాక్ ఊడలేదని బెంగపడి మళ్లీ పిపెరిడిన్ పొయ్యకు. ముఖ్యంగా ఆస్ప్ దగ్గర!

నాలుగు ఆర్జినిన్లనీ రెండుసార్లు కప్లింగ్ చెయ్యి. ఉత్తేజపరిచిన ఆర్జినిన్ తనలో తానే ముడుచుకుని లాక్టమ్ అనే వలయం అయిపోతుంది, పూసకి అందేది తగ్గుతుంది. తగ్గితే 156 లోటుతో 2883 దగ్గర ఇంకో పెప్టైడ్ కనిపిస్తుంది. 6-7 దగ్గర ఫె-థ్రి, 10-11 దగ్గర ల్యూ-సెర్ జంటల్ని సూడోప్రోలిన్ డైపెప్టైడ్లుగా (ముందే కలిపి అమ్మే జంటలుగా) కొనమని మీ సార్‌ని బతిమాలు. ఖరీదే, కానీ గొలుసులు ఒకదానికొకటి అతుక్కుపోకుండా ఆపుతాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఇది చదివేటప్పుడు ఫోన్ పక్కన పెట్టు.

3, 4 స్థానాల్లో ఆస్ప్-గ్లై ఉంది చూడు. పెప్టైడ్ రసాయనంలో ఇంతకంటే చెడ్డ జంట లేదు. ఆస్ప్ పక్కగొలుసులోని కార్బాక్సిల్‌ని టెర్ట్-బ్యూటైల్ ఎస్టర్‌గా మూసి ఉంచుతాం కదా. పిపెరిడిన్ పడగానే గ్లైసిన్ నైట్రోజన్ మీది ప్రోటాన్ ఊడుతుంది, ఆ నైట్రోజన్ వెనక్కి తిరిగి ఎస్టర్ మీద పడుతుంది. టెర్ట్-బ్యూటనాల్ వెళ్లిపోయి ఐదు పరమాణువుల వలయం మిగులుతుంది. దాని పేరు ఆస్పార్టిమైడ్. గ్లైసిన్‌కి అడ్డుపడే పక్కగొలుసు లేదు గనక అక్కడ ఇంత సులువు. ద్రవ్యరాశి 18 తగ్గుతుంది. పిపెరిడినే ఆ వలయాన్ని తెరిస్తే 67 పెరుగుతుంది. నీళ్లు తెరిస్తే మళ్లీ 18 చేరి సరిగ్గా 3039.4కే వస్తుంది. కానీ వలయం రెండు వైపులా తెరుచుకోగలదు, ఎక్కువగా తప్పు వైపే: సుమారు మూడు పాళ్లు బీటా, ఒక పాలు ఆల్ఫా. బీటా అంటే గొలుసు ఇక పక్కగొలుసు గుండా నడుస్తుంది, వెన్నెముకలో ఒక కార్బన్ ఎక్కువ. పైగా వలయంగా ఉన్నప్పుడు ఆల్ఫా కార్బన్ తిరగబడి డి-రూపం కూడా రావచ్చు. అంటే ఒకే ద్రవ్యరాశితో నాలుగు పెప్టైడ్లు.

ఇక ల్యాబ్‌ల్లో తరతరాలుగా జరుగుతున్న పొరపాటు. మాస్ స్పెక్ట్రమ్‌లో 18 తక్కువగా ఒక శిఖరం కనిపిస్తుంది. “యంత్రం సోర్స్‌లో నీరు పోయింది, అంతే” అని పక్కవాళ్లు అంటారు. కొందరు ఇంకాస్త తెలివిగా ఆ పెప్టైడ్‌ని పీహెచ్ 8 బఫర్‌లో రాత్రంతా ఉంచుతారు. తెల్లారేసరికి 18 లోటు మాయం, ద్రవ్యరాశి దశాంశాలతో సహా కరెక్ట్! మిశ్రమాన్ని విడదీసే హెచ్‌పీఎల్‌సీలో ప్రధాన శిఖరం భుజం మీద చిన్న బుడిపె ఉంటుంది, ద్రావణిని వేగంగా మార్చే నిట్టనిలువు గ్రేడియంట్‌లో అదీ కనబడదు. పెప్టైడ్ సిద్ధమని బయాలజీ వాళ్లకి ఇచ్చేస్తారు. పాపం వాళ్లు నెలల తరబడి కణాలు మారుస్తారు, సీరం మారుస్తారు, చివరికి రిసెప్టర్‌నే అనుమానిస్తారు. వాళ్ల గొట్టంలో సగం ఐసో-ఆస్పార్టైల్ (ఆ బీటా రూపం) సెక్రెటిన్ అని ఎవరికీ తట్టదు.

అమైనో ఆమ్ల విశ్లేషణ పట్టుకుంటుందిలే అనుకోకు. 6 నార్మల్ హెచ్‌సీఎల్‌లో 110 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉడికించాక ఆల్ఫా అయినా బీటా అయినా ఆస్ప్‌గానే లెక్కకొస్తుంది. గొలుసుని మొదటి నుంచి ఒక్కొక్కటిగా విప్పే ఎడ్మన్ డిగ్రడేషన్ మాత్రం నిజం చెబుతుంది, ఐసో-ఆస్ప్ దగ్గర ఆగిపోతుంది. అందుకే నువ్వు 3039 చూసి చప్పట్లు కొట్టకు. మాస్ స్పెక్ట్రమ్ బరువు తూస్తుంది, బంధం ఎటు కలిసిందో అది చూడలేదు.

ఇది కొత్త సంగతి కూడా కాదు. స్క్విబ్ మందుల కంపెనీలో సెక్రెటిన్ తయారీలో ఉన్న బృందమే ఆస్ప్-గ్లై గొడవ మీద 1968లో పేపరు రాసింది. మొదటి పేరు ఒండెట్టిది, ఆ తర్వాత రక్తపోటు మందు కాప్టోప్రిల్ చేసినవారిలో ఒకడు. అంటే నువ్వు తీసుకున్న పెప్టైడ్ చేసినవాళ్లకి ఈ పాఠం అప్పుడే తెలుసు. చదవకుండా మొదలుపెడితే నీకు మొట్టికాయే.

ఏం చెయ్యాలంటే, మొదటి మార్గం: ఎఫ్‌మాక్-ఆస్ప్(ఓటీబీయూ)-(డీఎంబీ)గ్లై డైపెప్టైడ్ కొని 3, 4 ఒకేసారి వెయ్యి. ఓటీబీయూ అంటే ఆ టెర్ట్-బ్యూటైల్ ఎస్టరే. గ్లైసిన్ నైట్రోజన్ మీద డైమెథాక్సీబెంజైల్ (డీఎంబీ) కూర్చుని ఉంటుంది, దాడి చెయ్యడానికి ప్రోటానే ఉండదు. చివర వాడే టీఎఫ్‌ఏ అనే ఆమ్లంలో అదే ఊడిపోతుంది. డబ్బుల్లేవంటే రెండో మార్గం: గ్లైసిన్ దాకా మామూలుగా వచ్చి, ఆస్ప్ వేశాక వాడే పిపెరిడిన్‌లో 0.1 మోలార్ హెచ్‌ఓబీటీ గాని ఆక్సిమా గాని (రెండూ ఆమ్ల గుణం ఉన్నవే) కలుపు, గది వేడి దాటనివ్వకు, సమయం పెంచకు. ఇది తగ్గిస్తుందే గాని పూర్తిగా ఆపదు.

రెండిటిలోనూ చివరి హిస్టిడిన్‌ని బాక్-హిస్(ట్రిట్)గా, అంటే ఎఫ్‌మాక్ బదులు బాక్ మూతతో, వెయ్యి. దాని బాక్ టీఎఫ్‌ఏలోనే పోతుంది గనక ఆస్ప్ మీద పిపెరిడిన్ మూడుసార్లు కాక రెండేసార్లు పడుతుంది. పందిదైతే 15వ స్థానంలోని ఆస్ప్ మీద ఇలాగే చేసినా 14 సార్లు పడుతుంది. ఏది చెయ్యాలో అడగమన్నది అందుకే. హిస్టిడిన్‌ని డీఐపీఈఏతో ఉత్తేజపరిచి నాననివ్వకు, డి-హిస్ (దాని అద్దపు ప్రతిబింబం) వస్తుంది, దాని ద్రవ్యరాశీ అంతే! కప్లింగ్‌కి క్షారం లేకుండా డీఐసీ, ఆక్సిమా వాడు.

ఈ వలయం గాజు పాత్రలోనే పుడుతుందనుకోకు. మన కంటి కటకంలోని క్రిస్టలిన్ ప్రోటీన్లు పాతవి పోయి కొత్తవి రాకుండా పుట్టినప్పటినుంచీ అవే ఉంటాయి, వయసుతోపాటు వాటిలోని ఆస్ప్‌లు ఇలాగే మెలిపడతాయి. దీన్ని సరిచెయ్యడానికి కణాల్లో ఒక మిథైల్‌ట్రాన్స్‌ఫరేజ్ ఎంజైమ్ ఉంది. నీ ఫ్లాస్కులో అది లేదు.

పూసల నుంచి టీఎఫ్‌ఏతో దింపడం ఇందులో తేలికే, సిస్, మెట్, ట్రిప్ లేవు. టీఎఫ్‌ఏ, ఊడిన మూతల్ని పట్టుకునే టీఐఎస్, నీరు 95:2.5:2.5, పది మిల్లీలీటర్లు. నాలుగు ఆర్జినిన్ల మీది పీబీఎఫ్ మూతలు మొండివి గనక మూడు నాలుగు గంటలు. 252 ఎక్కువ ఉన్న శిఖరం మిగిలితే ఇంకాసేపు ఉంచు. చల్లటి ఈథర్‌లో విరిచి సెంట్రిఫ్యూజ్ చెయ్యి, వడగట్టకు.

శుద్ధిలో గ్రేడియంట్ నిమిషానికి అర శాతం మించనివ్వకు. 214 నానోమీటర్ల దగ్గర చూడు. ఇందులో ట్రిప్, టైర్ రెండూ లేవు, 280లో ఏమీ కనబడక పెప్టైడ్ రాలేదని ఏడుస్తావు! అదే కారణంతో గాఢత కూడా 280తో కొలవలేవు. తూచిన బరువునీ నమ్మకు. నాలుగు ఆర్జినిన్లు, హిస్టిడిన్, చివరి అమైన్ కలిపి ఆరు టీఎఫ్‌ఏలని పట్టుకుంటాయి, 10 మిల్లీగ్రాముల్లో పెప్టైడ్ 8.2 మించదు, తేమ వేరే. సిద్ధాంతం ప్రకారం 304 మిల్లీగ్రాములు రావాలి. శుద్ధి అయ్యాక 40 వచ్చినా సంతోషించు.

ఇక నా భయాలు. నవ్వకు. డీఎంఎఫ్ చర్మంలోంచి లోపలికి పోతుంది, పుట్టబోయే బిడ్డలకి హాని చేసే ద్రావణి అది. పల్చటి నైట్రైల్ గ్లవ్స్ దాన్ని కొద్ది నిమిషాలే ఆపుతాయి. మీద పడగానే మార్చు, పొదుపు చెయ్యకు. హెచ్‌బీటీయూ పొడి, డీఐసీ కొందరికి ఎలర్జీ తెచ్చిపెడతాయి. అది ఒకసారి పట్టుకుంటే తర్వాత రవ్వంత తగిలినా ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం. దానివల్ల ఈ పనే మానుకున్నవాళ్లున్నారు. హుడ్ బయట తూచకు. డీఐసీ, ఆక్సిమా కలిపితే కొద్దిగా హైడ్రోజన్ సయనైడ్ కూడా వస్తుంది, ఆ మిశ్రమం హుడ్ దాటకూడదు. టీఎఫ్‌ఏ పని రాత్రిపూట ఒంటరిగా పెట్టుకుంటే మాత్రం మీ సార్‌కే ఫోన్ చేస్తాను, పరువు పోయిందని తర్వాత నన్ననకు.

ఐసో-ఆస్ప్ వేసిన సెక్రెటిన్ కొంచెం వేరుగా చేసుకో. శుద్ధి చేసినదానితో కలిపి ఇంజెక్ట్ చేస్తే ఆ బుడిపె అదేనో కాదో తేలిపోతుంది. క్రోమటోగ్రామ్ నాకు మొత్తం పంపు, శిఖరం ఒక్కటే కత్తిరించి పంపకు.

దసరాకి నువ్వు రావాలి, మీ నాన్న అప్పుడే రోజులు లెక్కపెడుతున్నాడు. బయల్దేరే ముందు కప్లింగ్ పూర్తిచేసి, ఎఫ్‌మాక్ తియ్యకుండా డీసీఎమ్ ద్రావణితో కడిగి, ఆరబెట్టి రెజిన్‌ని ఫ్రిజ్‌లో పెట్టు. ఖాళీ అమైన్‌తో మాత్రం వదిలి రాకు.

మీ అత్తయ్య