"నాకు లెక్కలు రావు" అనే పిల్లాడికి ఇంట్లో ఏం చెప్పాలి?

ఐదో తరగతి బాబు, మార్కులు తగ్గగానే "నాకు లెక్కలు రావు" అని పుస్తకం మూసేస్తున్నాడు, నువ్వు తెలివైనవాడివిరా అని ఎంత చెప్పినా వినట్లేదు అన్నారు. మాది దిల్‌సుఖ్‌నగర్, పాప ఏడో తరగతి. ఇదే పాట మా ఇంట్లోనూ నడిచింది కాబట్టి చెప్తున్నా.

నన్నడిగితే ముందు ఆ "తెలివైనవాడివి" తగ్గించండి. కరోల్ డ్వెక్, క్లాడియా ముల్లర్ అనే మనస్తత్వవేత్తలు 1998లో ప్రచురించిన ప్రయోగాలు మీ బాబు వయసు పిల్లల మీద చేసినవే. మొదట కొన్ని పజిల్స్ ఇచ్చి కొందరిని తెలివైనవాళ్ళని, కొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తర్వాత కావాలనే బాగా కష్టమైనవి ఇచ్చారు. ఆ దెబ్బ తిన్నాక మళ్ళీ మొదటిలాంటివే ఇస్తే, తెలివైనవాళ్ళు అనిపించుకున్నవాళ్ళు వెనకబడ్డారు, రెండో జట్టు ఇంకా బాగా చేసింది. తెలివి వల్లే వచ్చాయంటే, రాకపోతే తెలివి లేదనేగా పిల్లల లెక్క!

అలాగని తప్పుల పేపర్ చూసి "పర్లేదు, కష్టపడ్డావుగా" అని వదిలేసినా దండగే. మా పాప ఒకసారి భిన్నాల స్లిప్ టెస్ట్‌లో 2/3 + 1/4 = 3/7 అని రాసుకొచ్చింది. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపేసింది. మా ఆయన తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "అర దోసెకి ఇంకో అర దోసె కలిపితే నీ పద్ధతిలో ఎంత?" అన్నారు. 1/2 + 1/2 = 2/4 అని వేసి, "అంటే మళ్ళీ అర దోసేనా? మిగతాది ఎవరు తిన్నారు?" అని అదే నవ్వింది. హారం ఎందుకు సమానం చేయాలో ఆ పూట ఎక్కింది. అప్పటి నుంచి పేపర్ రాగానే మొత్తం మార్కులు కాకుండా పోయిన మార్కుల దగ్గర కూర్చుంటాం: తెలియక పోయిందా, తొందరలో పోయిందా, ప్రశ్నే అర్థం కాలేదా?

ఆ మొదటి పది నిమిషాల్లో మన మొహం ఎలా ఉందన్నది నిజంగా ముఖ్యం. డ్వెక్ మరొకరితో కలిసి 2016లో చేసిన అధ్యయనంలో తేలిందేమిటంటే, తెలివి పెరుగుతుందని తల్లిదండ్రులు లోపల నమ్మినంత మాత్రాన పిల్లలకు ఆ నమ్మకం రావట్లేదు. ఓటమి వచ్చినప్పుడు పెద్దవాళ్ళు కంగారుపడుతున్నారా, ఏం నేర్చుకోవచ్చో చూస్తున్నారా అన్నదే వాళ్ళకు కనిపిస్తోంది.

మా అత్తగారు సరూర్‌నగర్ రైతు బజార్‌లో ఫోన్‌తో డబ్బులు కట్టడానికి భయపడేవారు. "నాకేడొస్తదే ఈ వయసుల" అనేవారు. పాపనే నేర్పమన్నాం. పిన్ తప్పు కొట్టి, చెమటలు పట్టి, చివరికి టమాటాలకు ఆవిడే కట్టారు. తర్వాత పాప "నాకు రాదు" అంటే, "నాకొచ్చింది, నీకెందుకు రాదు?" అని ఆవిడే అందుకుంటున్నారు. మేమిద్దరం చెప్పిన దానికంటే అది బాగా పనిచేసింది.

బయట మాత్రం మన చేతిలో లేదు. మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చే స్కూళ్ళు, ఫంక్షన్‌లో ప్లేటు పట్టుకుని ర్యాంక్ ఎంత అనే చుట్టాలు. నేనైతే "ఇప్పుడు భిన్నాలు బాగా చేస్తోంది" అని చెప్పి మాట మార్చేస్తా. "మా వంశంలోనే ఎవరికీ లెక్కలు రావు" అని నవ్వుతూ అనే బంధువుని మాత్రం పిల్లల ముందే ఆపాలి, మొహమాటపడకండి.

దీంతో ర్యాంకులు వస్తాయని అనుకోకండి. అమెరికాలో సుమారు 12,000 మంది తొమ్మిదో తరగతి పిల్లలకు తెలివి పెరుగుతుందని నేర్పి చూసిన, 2019లో వచ్చిన పెద్ద అధ్యయనంలోనూ వెనకబడ్డవాళ్ళకు మార్కులు కొద్దిగానే పెరిగాయి. ఎక్కాల దగ్గరే గండి ఉంటే ఎన్ని మంచి మాటలైనా పూడ్చవు, ముందు అక్కడ చూడండి. చదవడంలోనూ బాగా తడబడుతుంటే, అంకెలు తారుమారు చేస్తుంటే పిల్లల డాక్టర్‌కి చూపించండి, అది వేరే విషయం కావచ్చు.