నాలుగు చేతుల కృష్ణుడు

చిరంజీవి అమ్ములుకు పెద్దమ్మ దీవించి రాసేది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ ఏటీఎం కార్డుతో డబ్బు తీసేసుకున్న అన్నయ్య ముఖం చూడనంటావు. వాడి కూతురి పెళ్ళికి వెళ్ళకపోతే అమ్మ కుమిలిపోతుందనీ నువ్వే అంటావు. రాత్రి రెండింటికి లేచి కూర్చుంటున్నావట. పోతన భాగవతం మొదటి స్కంధంలో అశ్వత్థామను కట్టి తెచ్చిన ఘట్టం తియ్యి. కథలా చదవకు. అందులో వాళ్ళంతా నీలోపలే ఉన్నారనుకుని చదువు.

ద్రౌపది కొడుకులు ఐదుగుర్నీ నిద్రలో చంపినవాణ్ణి అర్జునుడు తెచ్చి ముందు పడేస్తే, ఆవిడ మొదట నమస్కారం పెట్టింది. గురువుగారి కొడుకు కదా. ఆ వెంటనే "నీ చేతులెట్లాడెనో" అని నిలదీసింది. దయంటే నోరు మూసుకోవడమనే వాళ్ళకి ఈ పద్యం చూపించు. అడగాల్సింది అడిగేశాకే, వీడి తల్లి కృపి నాలాగా ఏడవకూడదు, వదిలెయ్యండి అంది. నీ కథలో కృపి మీ అమ్మే.

భీముడు చంపుతానని లేచాడు, ద్రౌపది అడ్డం వచ్చింది. కృష్ణుడు నాలుగు చేతులవాడై రెండింటితో భీముణ్ణి ఆపి, రెండింటితో ద్రౌపదిని పక్కకు తప్పించాడు. ఈ వచనం నేను ఏళ్ళ తరబడి గబగబా దాటేసేదాన్ని. రాత్రి రెండింటికి నీలో లేచేది ఆ భీముడే తల్లీ. అడ్డం పడేది ద్రౌపది. ఇద్దరిలో ఒకరిని గెంటేద్దామని చూస్తున్నావు, అందుకే నిద్ర లేదు. ఇద్దరినీ పట్టుకునేవాడు కూడా లోపలే ఉన్నాడు. పండితులు ఒప్పుకోకపోతే పోనీ, ఇది నా చదువు.

అత్తగారి కాసులపేరు తోడికోడలికి ఇచ్చారని పదకొండేళ్ళు ఆవిడతో మాట్లాడలేదు నేను. చేటలో బియ్యం ఏరుతూ మనసులో ఆవిడకి జవాబులు చెప్పుకునేదాన్ని. అన్నంలో రాళ్ళు వచ్చేవి. మీ పెదనాన్న ఏమీ అనకుండా కంచం అంచున వరసగా పెట్టేవారు.

చివరికి అర్జునుడేం చేశాడో చూడు. చంపలేదు, ఊరికే వదల్లేదు. అశ్వత్థామ తలమీది మణిని జుట్టుతో సహా కోసేసి, కట్లు విప్పి వెళ్ళగొట్టాడు. నీ విషయంలో మణి అంటే ఆ కార్డు. ముందు అది వెనక్కి తీసుకో, పిన్ను మార్చు. ఎంత తీశావురా అని ఎదురుగా అడుగు, ఒక్కసారే. ఇస్తే ఇచ్చాడు. తర్వాత పెళ్ళికి వెళ్ళు. వెనక కుర్చీల్లో కూర్చోకు, మేనత్తవి.

రాత్రి మెలకువ వస్తే ఫోన్ ముట్టకుండా "ఉద్రేకంబున రారు" అని మొదలయ్యే ఆ ద్రౌపది పద్యం పైకి చదువు. శార్దూల వృత్తం కదా, పాదాలు పొడుగు, మొదట్లో ఊపిరి సరిపోదు. ఆగి మళ్ళీ అందుకో. నా పుస్తకం పంపిస్తున్నాను. అట్ట ఊడింది, ఆ పేజీలో పసుపు మరక ఉంటుంది.

పెద్దమ్మ