1968లో సోవియట్ ట్యాంకులు వచ్చాక కూడా ప్రాగ్ రేడియో ఎలా మాట్లాడగలిగింది?

ముఖ్యంగా టెక్నీషియన్ల తెగువ వల్ల. ఆగస్టు 20 అర్ధరాత్రి సోవియట్ నాయకత్వంలోని సైనిక కూటమి అయిన వార్సా ఒప్పంద సైన్యాలు చెకోస్లొవేకియాలోకి చొరబడ్డాయి. దాన్ని ఖండిస్తూ చెకోస్లొవేకియా కమ్యూనిస్టు పార్టీ నాయకత్వం ఇచ్చిన ప్రకటన రేడియోలో చదవడం మొదలవగానే, పై నుంచి వచ్చిన ఆదేశంతో ట్రాన్స్‌మిటర్లు ఆపేశారు. కానీ తీగల ద్వారా ఇళ్లకు వెళ్లే ప్రసారం ఆగలేదు. తెల్లవారేసరికి ట్రాన్స్‌మిటర్లూ మళ్లీ పలికాయి.

వినోహ్రాడ్‌స్కా వీధిలోని రేడియో భవనం ముందు జనం బస్సులు అడ్డం పెట్టి నిలబడ్డారు. చేతిలో ఆయుధం లేని మనుషులు వాళ్లు. కొందరు అక్కడే ప్రాణాలు కోల్పోయారు, తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. భవనం సైనికుల చేతిలో పడ్డాక జర్నలిస్టులు రహస్య స్టూడియోల నుంచి రోజుల తరబడి వార్తలు చదివారు. సైన్యం దారి తప్పేలా వీధి బోర్డులు తీసేయమని రేడియోలోనే చెప్పారు. తర్వాతి ఏళ్లలో ఆ జర్నలిస్టుల్లో చాలామంది ఉద్యోగాలు ఊడాయి.