బోరు కాడి నుంచి వచ్చే మెయిల్

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

బత్తాయి తోటలో బోరు మోటారు ఆగితే నాన్న ఫోన్‌కు మెయిల్ రావాలని డబ్బా తయారు చేస్తున్నావని అమ్మ చెప్పింది. చాలా సంతోషం బిడ్డా.

చిన్న సర్క్యూట్ బోర్డు ఆర్డుయినో ఊనో (ఆర్3) పక్కన పెట్టు. దాని ర్యామ్, అంటే పని చేసేటప్పుడు వాడే మెమరీ, 2 కేబీ. జీమెయిల్‌తో మాట్లాడాలంటే టీఎల్ఎస్ కావాలి, అంటే మాటలను రహస్య లిపిలో పంపే పద్ధతి; దానికి తాత్కాలికంగా కావాల్సిన చోటు (బఫర్) ఒక్కటే 16 కేబీ దాకా అడుగుతుంది. వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు తీసుకో. మెయిల్ పంపడానికి జీమెయిల్ సర్వరులో పోర్టు (దారి నంబరు) 465 వాడు. 25వ పోర్టును చాలా నెట్ కంపెనీలు మూసేస్తాయి.

నీ సొంత పాస్‌వర్డ్ కోడ్‌లో రాయకు. 2022 మే తర్వాత జీమెయిల్ దాన్ని ఒప్పుకోవడం లేదు. ఈ డబ్బా కోసమే వేరే అకౌంట్ తెరిచి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, ఆ డబ్బాకు మాత్రమే పనికొచ్చే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ గూగుల్ నుంచి తీసుకో. డబ్బాను ఎవరైనా ఎత్తుకుపోయినా ఆ ఒక్కటి రద్దు చేస్తే చాలు. బోర్డు ఆన్ అయినప్పుడు దాని గడియారం 1970లో ఉంటుంది. ముందు నెట్ నుంచి టైమ్ తెచ్చుకోనివ్వు, లేకుంటే జీమెయిల్ సర్వరు గుర్తింపు పత్రం (సర్టిఫికెట్) తేదీ కుదరక కనెక్షన్ తెగిపోవచ్చు. ఆ సర్టిఫికెట్ చెకింగే తీసేయమని కొందరు చెబుతారు, వినకు.

నా తోటలో జరిగింది చెప్తా. మోటారును ఆన్, ఆఫ్ చేసే స్టార్టర్‌లో కాంటాక్టు వదులై టకటకా కొట్టుకుంది. కొట్టినప్పుడల్లా ఒక మెయిల్ పోయింది. మామూలు అకౌంట్‌కు రోజుకు 500 దాకానే. తెల్లారేసరికి అవి అయిపోయాయి. మధ్యాహ్నం మోటారు నిజంగానే ఆగితే నాకు కబురు రాలేదు. చెట్లు పిందె మీద ఉన్నాయి, నీళ్లందక చాలా రాలిపోయింది. ఇప్పటికీ బాధే. అందుకే స్థితి మారి ఒక నిమిషం నిలబడితేనే మెయిల్ పంపు, అదీ ఒక్కసారే.

ఇంకొకటి, చాలామంది మరిచేది. కరెంటు పోతే నీ డబ్బా కూడా పోతుంది, వైఫై రౌటర్ కూడా పోతుంది. ‘కరెంటు లేదు’ అని చెప్పేదెవరు? రెండింటికీ చిన్న బ్యాటరీ పెట్టు. నెట్ అందకపోతే ఆ సంగతిని టైమ్‌తో సహా ఫ్లాష్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీ) దాచి, అందగానే పంపించు. ‘ఉదయం 6:10కి ఆగింది’ అని తెలిస్తే, ఏ మడికి నీళ్లు అందలేదో నాన్న తెలుసుకుంటాడు.

దసరాకు నల్లగొండ వస్తా. అప్పటిదాకా మోటారు బదులు బల్బుతో పరీక్షించుకో. స్టార్టర్ డబ్బాలో మాత్రం చేయి పెట్టకు, అది త్రీ ఫేజు. మనిద్దరం కలిసి బిగిద్దాం.

మీ మామయ్య