హీత్‌కోట్‌లో దిగి వాటర్‌ఫాల్‌లో రైలెక్కాలంటే

ప్రశ్న: అన్నా, నమస్తే. మేం సిడ్నీకి వచ్చి నాలుగు నెలలైంది, వెంట్‌వర్త్‌విల్‌లో ఉంటాం. కారు ఇంకా కొనలేదు. ఆఫీసులో ఒకాయన హీత్‌కోట్ స్టేషన్‌లో దిగి, అడవిలోంచి నడిచి వాటర్‌ఫాల్ స్టేషన్‌లో తేలొచ్చు, మొత్తం పది కిలోమీటర్లు, ఈజీయే అన్నాడు. రూమ్మేట్స్ ముగ్గురం ఈ ఆదివారం వెళ్దామనుకుంటున్నాం. ఒకడి అమ్మానాన్న విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు. వాళ్ళు అలిపిరి మెట్లు ఎక్కినవాళ్ళే. తీసుకెళ్ళొచ్చా? పాములంటే మాకు కాస్త భయం కూడా.

జవాబు: తమ్ముడూ, మీ ముగ్గురూ వెళ్ళండి. అమ్మానాన్నలను మాత్రం దీనికి తీసుకెళ్ళొద్దు. వాళ్ళకు వేరే చోటు చెప్తాను, చివర్లో.

అలిపిరి సంగతి ఎత్తావు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతా. అక్కడ తొమ్మిది కిలోమీటర్ల దారి, 3,550 మెట్లు. కష్టమే. కానీ దారి పొడవునా నీళ్ళుంటాయి, లైట్లుంటాయి, కూలబడితే పట్టించుకునే జనం ఉంటారు. పైగా ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు ఎక్కేస్తాం, దిగేటప్పుడు కాదనుకుంటే బస్సు ఉంది. ఇక్కడ వరస తిరగబడుతుంది. రైలు పట్టాలు, హైవే రెండూ గట్టు మీద పోతాయి. హీత్‌కోట్, వాటర్‌ఫాల్ రెండూ ఆ గట్టు మీది స్టేషన్లే, రైల్లో ఒకదాని తర్వాత ఒకటి. మనం నడిచే దారి మాత్రం ఆ గట్టు దిగి, రాయల్ నేషనల్ పార్కు అడవిలో కంగారూ క్రీక్ అనే వాగు లోయలోకి వెళ్ళి, వాగు దాటి, అవతలి వైపు ఎక్కి, చుట్టు తిరిగి మళ్ళీ గట్టు మీదికొస్తుంది. పొద్దున హుషారుగా దిగిపోతాం. కాళ్ళు అలిసే వేళకి ఎక్కుడు మొదలవుతుంది. మధ్యలో బయటపడే రోడ్డు లేదు, బస్సు అసలే లేదు. రెండు కొసల్లో స్టేషన్లున్నాయి కదా అన్న ధీమా చాలామందిని మోసం చేసేది ఇక్కడే.

ఇక్కడ నడక దారులకు 1 నుంచి 5 దాకా గ్రేడ్లిస్తారు. ఇది 4లోకి వస్తుంది. అంటే దారి గరుకుగా, నిట్టనిలువుగా ఉండొచ్చు, బోర్డులు తక్కువ ఉండొచ్చు, ఇంతకుముందు అడవిలో నడిచిన అనుభవం ఉంటే మంచిది అని. మీ ముగ్గురిలో ఎవరికీ ఆ అనుభవం లేకపోతే ముందు ఒక వారం గ్రేడ్ 3 దారి ఏదైనా నడిచి రండి. ఆఫీసాయన ఇక్కడే పుట్టి పెరిగినవాడైతే, ఆయన 'ఈజీ' అన్నదాన్ని మనం యథాతథంగా తీసుకోకూడదు. వీళ్ళు చిన్నప్పటి నుంచీ రాళ్ళ మీద గెంతుతూ పెరిగినవాళ్ళు.

వెళ్ళడం తేలికే. వెంట్‌వర్త్‌విల్ నుంచి సెంట్రల్‌కొచ్చి టీ4 లైన్‌లో వాటర్‌ఫాల్ రైలు ఎక్కండి. వాటర్‌ఫాల్ కంటే ముందు స్టేషనే హీత్‌కోట్. టీ4లో క్రొనుల్లా వెళ్ళే రైళ్ళూ ఉంటాయి, బోర్డు చూసి ఎక్కండి. శుక్ర, శని, ఆదివారాల్లో ఓపల్ (ఇక్కడి రైలు, బస్సు కార్డు) రోజువారీ గరిష్ఠ చార్జీ తక్కువ కాబట్టి డబ్బుల బెంగ లేదు. పార్కులో ప్రవేశ రుసుము కార్లకే, నడిచి వచ్చేవాళ్ళకు లేదు. అయితే వీకెండ్లలో ట్రాక్‌వర్క్ అని రైళ్ళు ఆపి బస్సులు నడుపుతుంటారు. శనివారం రాత్రే ట్రిప్ ప్లానర్‌లో చూసుకోండి, లేకపోతే పొద్దున్నే గంట పోతుంది.

హీత్‌కోట్‌లో తూర్పు వైపు దిగండి. రూరల్ ఫైర్ సర్వీస్ షెడ్డు వెనక 'కార్లూ ట్రాక్' (Karloo Track) అన్న బోర్డు కనిపిస్తుంది, మన దారి పేరు అదే. కొంతసేపు దాదాపు సమంగా ఉండి, తర్వాత ఇసుకరాతి మెట్లు, బండల మధ్యగా దిగుతుంది. గంట అటూ ఇటూగా కార్లూ పూల్ చేరతారు. ఆకుపచ్చగా, నిండుగా ఉండే మడుగు, చుట్టూ పరుపుబండలు. చూడగానే దిగాలనిపిస్తుంది. ఈత వచ్చినవాళ్ళు అంచు నుంచి మెల్లగా దిగండి. బండ మీది నుంచి మాత్రం దూకొద్దు, ఎవరో దూకుతూ కనబడినా సరే. లోపల రాయి ఎక్కడుందో, లోతెంతో వాళ్ళకు తెలుసు, మీకు తెలియదు. సెలవు రోజు నీళ్ళలోకి దిగి మన పిల్లలు పోయారన్న వార్తలు పరాయి దేశాల నుంచి ఎన్ని వింటున్నాం! ఈత రానివాడు మోకాలు లోతు దాటొద్దు, అంతే. వాగు నీళ్ళు అక్కడక్కడా డికాక్షన్ రంగులో ఉంటాయి, అది ఆకుల సారం. అలాగని తాగొద్దు. మనిషికి రెండున్నర లీటర్లయినా ఇంటి నుంచే మోసుకెళ్ళండి. ఎండాకాలమైతే మూడు.

నిర్ణయం తీసుకోవలసిన చోటు ఈ మడుగే. మధ్యాహ్నం పన్నెండు దాటాక చేరుకున్నా, ఎవడికైనా మోకాలు పీకుతున్నా, వాన పడేలా ఉన్నా, వచ్చిన దారినే హీత్‌కోట్‌కు తిరిగి వెళ్ళిపోండి. అందులో నామోషీ ఏమీ లేదు. ఇక్కడ వాగును బండల మీదుగా దాటాలి. పెద్ద వాన తర్వాత నీళ్ళు బండల పైనుంచి పారుతుంటే అటు వెళ్ళాలన్న ఆలోచనే పెట్టుకోకండి. జూన్‌లో సిడ్నీలో ఐదు కాకుండానే సూర్యుడు అస్తమిస్తాడు, లోయలో ఇంకా ముందే చీకటి పడుతుంది. మనకు అక్కడ మే, జూన్ అంటే ఎండలు, ఇక్కడ చలికాలం. ఆ లెక్క ఒంటికి అలవాటు కావడానికి టైం పడుతుంది. తొమ్మిదికల్లా నడక మొదలుపెట్టండి, ఫోన్ లైటు కాక వేరే టార్చి ఉంచుకోండి.

వాగు దాటాక ఎక్కుడు. కాసేపటికి చెట్లు పలచబడి గాలి తగిలే మెరక వస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో వెళ్తే పూలు విరగబూసి ఉంటాయి. ఈ రాష్ట్ర పుష్పం వారటా, బాంక్సియాలు, మనిషి కంటే ఎత్తు కాడ మీద ఎర్రగా పూసే గైమియా లిల్లీ. 1994 జనవరి కార్చిచ్చులో ఈ పార్కు 90 శాతానికి పైగా కాలిపోయిందంటే ఇప్పుడు చూసినవాళ్ళు నమ్మరు. ఉలూలా ఫాల్స్ దగ్గర భోజనానికి ఆగండి. జలపాతమని ఆశ పెట్టుకోకండి, వానలు లేకపోతే సన్నటి ధారే. పులిహోర డబ్బా తెరిచి పక్కన పెట్టారా, ఉడుము వచ్చేస్తుంది. మన ఉడుముకు పెద్దన్న లాంటిది, మనుషులంటే బెదరదు. దానికి ముద్ద వేయొద్దు, చెత్త ఒక్క కాగితం కూడా అక్కడ వదలొద్దు. అక్కడి నుంచి వెడల్పాటి ఫైర్ ట్రెయిల్ (అగ్నిమాపక బళ్ళ కోసం వేసిన మట్టిదారి) వాటర్‌ఫాల్ దాకా తీసుకెళ్తుంది. దారి తప్పడం కష్టం, విసుగు మాత్రం పుడుతుంది. మొత్తం నాలుగైదు గంటలు వేసుకోండి.

ఇక పాములు. ఉన్నాయి, విషం గలవే. కానీ దేశం మొత్తం మీద పాముకాటుతో చనిపోయేది ఏడాదికి ఇద్దరు ముగ్గురే. కనబడితే ఆగి, దారివ్వండి. కర్ర తీసుకోవద్దు, వాటిని చంపడం ఇక్కడ నేరం. ఒకవేళ కాటేస్తే మన ఊళ్ళో చూసినవన్నీ మరిచిపోండి. తాడు బిగించి కట్టడం, కోయడం, రక్తం పీల్చడం, కడగడం, ఏదీ చేయొద్దు. వెడల్పాటి సాగే బ్యాండేజీలు రెండు మూడు బ్యాగులో ఉండాలి. కాటు మీద ఒకటి చుట్టి, తర్వాత వేళ్ళ నుంచి మొదలుపెట్టి పైదాకా కాలో చెయ్యో మొత్తం, బెణికినప్పుడు కట్టినంత గట్టిగా చుట్టండి. ఆ కాలు కదలకుండా పుల్ల కట్టి, మనిషిని కూర్చోబెట్టండి. నడిపించొద్దు. సహాయమే అక్కడికి రావాలి. నిజానికి మీకు ఎక్కువగా ఎదురయ్యేవి జలగలు, పిడుదులు. రాత్రి స్నానం చేసేటప్పుడు చెవి వెనక, చంకల్లో, నడుం దగ్గర తడిమి చూసుకోండి. పిడుదు కనబడితే గోళ్ళతో గిల్లి లాగొద్దు. ఫార్మసీలో దాన్ని గడ్డకట్టించే స్ప్రే అమ్ముతారు, అది కొట్టి చచ్చి రాలనివ్వండి.

ఫోన్ సిగ్నల్ లోయలో ఉండదనే అనుకోండి. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఎమర్జెన్సీ ప్లస్ యాప్ పెట్టుకుంటే మీరున్న చోటు అంకెల్లో చూపిస్తుంది, ఇక్కడి అత్యవసర నంబరు 000కి అదే చదివి చెప్పొచ్చు. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీది తగిలితే ఆ కాల్ వెళ్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు 000కి చేయడానికి జంకుతారు, వీసాకు ఏమవుతుందోనని. ఏమీ కాదు. అంబులెన్సుకు మాత్రం బిల్లు వస్తుంది, ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య పథకం మెడికేర్ ఉన్నా అది కట్టదు. మీ హెల్త్ కవర్‌లో అంబులెన్స్ ఉందో లేదో ఇవాళే చూసుకోండి. ఇంట్లో ఉండేవాళ్ళకు ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి దాటితే కంగారు పడాలో రాసిచ్చి వెళ్ళండి. టోటల్ ఫైర్ బ్యాన్ రోజున, అంటే కార్చిచ్చు భయంతో ఆరుబయట నిప్పు నిషేధించిన రోజున, అసలు వెళ్ళొద్దు. నేషనల్ పార్క్స్ సైట్లో ట్రాక్ మూసేశారేమో పొద్దున ఒకసారి చూడండి.

అమ్మానాన్నలకు అదే పార్కులో ఆడ్లీ దగ్గర లేడీ కారింగ్టన్ డ్రైవ్ ఉంది. కార్లు రాని పాత బండిదారి, హ్యాకింగ్ నది పక్కనే దాదాపు చదునుగా పోతుంది. ఎంత దూరం నడవగలిగితే అంత నడిచి వెనక్కి రావచ్చు. కారున్న స్నేహితుణ్ణి అడగండి. హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి ఎలాగూ తీసుకెళ్తారు కదా, అదే రోజు రెండూ అయిపోతాయి. గుడి ముందు చూసుకోండి, క్యాంటీన్‌లో దోసెలు మధ్యాహ్నానికి పెద్ద లైను.