పచ్చ చుక్క చూసే కొంటున్నా.. బి12 ఎందుకు పడిపోయింది?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు, బరువు 54 కిలోలు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, పీజీ హాస్టల్లో ఉంటున్నాను. మా ఇంట్లో అందరం శాకాహారులం, గుడ్డు కూడా ముట్టం. ఏడాదిన్నర కిందట పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేసి వీగన్‌గా మారాను. పొద్దున టిఫిన్ సెంటర్, మధ్యాహ్నం ఆఫీస్ క్యాంటీన్, రాత్రి కర్రీ పాయింట్ లేదా ఆన్‌లైన్ ఆర్డర్. రెండు నెలలుగా అరికాళ్లలో తిమ్మిర్లు, నీరసం. పరీక్షల్లో బి12 142, హిమోగ్లోబిన్ 10.4, విటమిన్ డి 14 వచ్చాయి. గ్యాస్ కోసం ఆరు నెలలుగా రోజూ పాంటాప్రజోల్ వేసుకుంటున్నాను. పాలు లేకుండా బ్లాక్ కాఫీ తాగుతాను. పచ్చ చుక్క ఉన్నవే కొంటాను, హోటల్లో అడిగి మరీ ఆర్డర్ ఇస్తాను. ఎక్కడ పొరపాటు జరుగుతోంది? మాత్రల్లోనూ జంతు పదార్థాలుంటాయని విన్నాను. పెరుగు తినకపోతే ఇంతే మరి అని అమ్మ రోజూ ఫోన్లో గొడవ. బయట తినేవాళ్లు వీగన్‌గా ఉండటం కుదరదా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కుదురుతుంది. కానీ ముందు తిమ్మిర్ల సంగతి చూడాలి, హోటల్ మెనూ సంగతి తర్వాత.

బి12 200 కంటే తక్కువుంటే లోపం కిందే లెక్క. మీకు 142 ఉంది, పైగా అరికాళ్లలో తిమ్మిర్లు. అంటే నరాల మీద ప్రభావం మొదలై ఉండొచ్చు. దీన్ని తిండితో సరిచేద్దామని కూర్చోవద్దు. ఈ వారంలోనే ఫిజీషియన్‌కు చూపించుకోండి. నరాల లక్షణాలు ఉన్నప్పుడు మేం సాధారణంగా ముందు కొన్ని బి12 ఇంజెక్షన్లు ఇచ్చి, తర్వాత మాత్రలకు మారుస్తాం. నీరసం కొన్ని వారాల్లో తగ్గొచ్చు. తిమ్మిర్లకు మాత్రం నెలలు పడుతుంది, టెన్షన్ పడి మధ్యలో మానేయకండి. ఈలోగా ఎవరో చెప్పారని ఫోలిక్ యాసిడ్ ఒక్కటే కొనుక్కుని వేసుకోవద్దు. దాంతో రక్తం కాస్త మెరుగైనట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతినడం మాత్రం ఆగదు.

ఏడాదిన్నరకే ఇలా ఎందుకైందంటే, మాంసం తినే మనిషి ఒక్కసారిగా వీగన్ అయినా కాలేయంలో దాచుకున్న బి12 కొన్నేళ్లు సరిపోతుంది. మీరు పుట్టినప్పటి నుంచీ శాకాహారి. నిల్వ మొదటి నుంచీ అంతంత మాత్రమే ఉండి ఉంటుంది. దానికి తోడు పాంటాప్రజోల్. ఆహారంలోని బి12ను విడదీయడానికి కడుపులో ఆమ్లం కావాలి, ఈ మాత్ర ఆ ఆమ్లాన్నే తగ్గిస్తుంది. దీర్ఘకాలం వాడితే బి12 ఇంకా పడిపోవచ్చు. ఆరు నెలలుగా మీకు ఎవరు రాశారో, ఇంకా అవసరమో లేదో డాక్టర్‌ను అడగండి. ఒక్కసారిగా ఆపితే మంట ఎక్కువయ్యే వాళ్లుంటారు కాబట్టి ఎలా తగ్గించాలో కూడా ఆయన్నే అడగండి.

మీ అమ్మగారి మాటలో సగం నిజం ఉంది. పాలు, పెరుగులో బి12 ఉంటుంది. కాకపోతే 100 గ్రాముల పాలలో అర మైక్రోగ్రాము దాకానే. పెద్దవాళ్లకు రోజుకు 2.2 మైక్రోగ్రాములు కావాలని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. రోజూ నీళ్ల మజ్జిగ తాగే శాకాహారుల్లోనూ బి12 లోపం నేను తరచూ చూస్తుంటాను. ఇప్పుడు మీరు పెరుగు మళ్లీ మొదలుపెట్టినా 142 నుంచి బయటపడటానికి మందే కావాలి. ఈ మాట అమ్మగారికి చెప్పండి, ఫోన్లో గొడవ కొంతైనా తగ్గుతుంది. ఇడ్లీ పిండి పులుస్తుంది కదా, అందులో బి12 వస్తుందని, స్పిరులినా అనే నాచు పొడిలో ఉంటుందని వాట్సాప్‌లో తిరిగే మాటలను నమ్ముకోవద్దు. స్పిరులినాలో ఉండేది ఎక్కువగా మన ఒంటికి పనికిరాని రకం. లోపం సరయ్యాక కూడా వీగన్‌గా ఉన్నంతకాలం బి12 మాత్ర వేసుకోవాల్సిందే. 1000 మైక్రోగ్రాములది వారానికి రెండుసార్లు చాలామందికి సరిపోతుంది, మీకెంతో మీ డాక్టర్ చెబుతారు.

మాత్రల గురించి మీ అనుమానం సరైనదే. బి12ను బ్యాక్టీరియాతో తయారుచేస్తారు, దానితో పేచీ లేదు. పేచీ పైతొడుగుతో. మెత్తటి జెల్ క్యాప్సూల్స్‌లో ఎక్కువ శాతం జెలటిన్‌తో చేసినవే, జెలటిన్ పశువుల ఎముకలు, చర్మం నుంచి వస్తుంది. మందుల షాపులో క్యాప్సూల్ కాకుండా ట్యాబ్లెట్ అడగండి, లేదంటే వెజ్ క్యాప్సూల్ అని రాసి ఉన్నది తీసుకోండి. ట్యాబ్లెట్లలో కొన్నిటికి లాక్టోజ్ (పాలలోని చక్కెర) కలుపుతారు, ఆ కాస్తకు పట్టింపు పెట్టుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. నన్నడిగితే వద్దంటాను. విటమిన్ డి విషయంలో, మామూలుగా దొరికే డి3ని గొర్రె ఉన్నిలోని కొవ్వు నుంచి తీస్తారు. రాళ్ల మీద, చెట్ల బెరడు మీద నాచులా పెరిగే లైకెన్ నుంచి తీసిన వీగన్ డి3 కూడా దొరుకుతుంది, ధర ఎక్కువ. డి2 రకమైనా వాడొచ్చు. 14 ఉందంటే మీకు డి కూడా అవసరమే.

ఇక పచ్చ చుక్క. మన దేశంలో పచ్చ చుక్క అంటే శాకాహారం అని, వీగన్ అని కాదు. పాలు, వెన్న, నెయ్యి, తేనె అన్నీ పచ్చ చుక్క కిందకే వస్తాయి. తేనెటీగల మైనం, లక్క కూడా అంతే. రంగురంగుల చాక్లెట్ గోళీలు మెరవడానికి పైన పూసే 904 నంబరు పదార్థం ఆ లక్కే. వీగన్ ఆహారానికి మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022లో వేరే నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం వచ్చిన గుర్తు వేరు: చదరంలో ఆకుపచ్చ వీ అక్షరం, దాని మీద చిన్న ఆకు. ఆ గుర్తు ఉంటే నిశ్చింతగా కొనొచ్చు. కానీ మామూలు కిరాణా సరుకుల్లో అది అరుదు. కందిపప్పు, అటుకులు, పల్లీలు వీగనే అయినా ఆ గుర్తు కోసం ఎవరూ దరఖాస్తు పెట్టుకోరు కదా!

అందుకే ప్యాకెట్ వెనక్కి తిప్పండి. పదార్థాల పట్టిక దగ్గరే 'కంటైన్స్ మిల్క్' అన్న మాట కనిపిస్తుంది. పాలు, గోధుమ, సోయా, పల్లీల్లాంటి అలర్జీ కారకాలను విడిగా రాయాలన్నది నిబంధన. పట్టికంతా చదివే ఓపిక లేనప్పుడు, పాలున్నాయో లేదో తెలుసుకోవడానికి అదొక్కటి చూస్తే చాలు. చదివితే మాత్రం మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసినేట్ ఈ మూడూ పాలవేనని గుర్తుపెట్టుకోండి. మసాలా చిప్స్‌లో, చాలా బిస్కెట్లలో, కొన్ని డార్క్ చాక్లెట్లలో ఇవి ఉంటాయి. కాఫీలో కలిపే 'నాన్ డెయిరీ' క్రీమర్ పౌడర్లలో కూడా తరచూ సోడియం కేసినేట్ ఉంటుంది. పేరులో డెయిరీ లేదు, డబ్బాలో ఉంది. లాక్టోజ్ ఫ్రీ అన్నవి కూడా పాలే. ఉస్మానియా బిస్కెట్ అడగకండి, వెన్న, పాలు లేకుండా అది ఉస్మానియానే కాదు. బేకరీలో ఎగ్‌లెస్ కేకు అన్నా గుడ్డు స్థానంలో పెరుగో, కండెన్స్‌డ్ మిల్కో పడుతుంది. రుచి పెంచడానికి వేసే 631 నంబరు పదార్థం ఉంటే చేప కలిసినట్టేనని భయపెట్టే మెసేజ్‌లు చూసే ఉంటారు. పచ్చ చుక్క ఉన్న ప్యాకెట్‌లో చేప నుంచి తీసింది వాడటానికి వీల్లేదు, దాని గురించి నిద్ర పాడుచేసుకోకండి.

పాల బదులు కొనే డబ్బాల దగ్గర చాలామంది మోసపోతారు. బాదం డ్రింక్‌లో చాలావాటిలో నీళ్లే ఎక్కువ, బాదం మూడు శాతమో నాలుగు శాతమో. ప్రొటీన్ గ్లాసుకు ఒకటి రెండు గ్రాములకు మించదు. చక్కెర కలపని సోయా డ్రింక్‌లో ఆరేడు గ్రాములు వస్తుంది. క్యాల్షియం, బి12, డి కలిపారో లేదో వెనకాల చూసి కొనండి. తాగే ముందు డబ్బాను బాగా ఊపండి, కలిపిన క్యాల్షియం అడుగున పేరుకుపోతుంది.

హోటల్లో ఒక్క ప్రశ్న అలవాటు చేసుకోండి: నెయ్యి, పెరుగు ముందే కలిపారా, చివర్లో వేస్తారా? చివర్లో వేసేదైతే ఆపించొచ్చు. దోశ మీద వెన్న, ఇడ్లీ మీద నెయ్యి కారం, పుల్కాకు రాసే బటర్, పప్పులో గరిటెడు నెయ్యి, ఇవన్నీ 'వద్దన్నా' అంటే ఆగిపోతాయి. పెనం మీద అంతకుముందు బటర్ దోశ పోసి ఉంటే, 'నూనెతో పొయ్యండి, ఓసారి తుడవండి' అంటే మాస్టర్ విసుక్కున్నా చేస్తాడు. ముందే కలిపినవి అడిగి లాభం లేదు. నాన్ పిండిలో పెరుగో పాలో ఉంటుంది. మైసూర్ బజ్జీ పిండి పుల్లటి పెరుగుతోనే కలుపుతారు. వెజ్ దమ్ బిర్యానీ ముక్కలు పెరుగులో నానినవే. రెస్టారెంట్లలో చాలా కూరలకు పొద్దున్నే ఒక గ్రేవీ చేసి పెట్టుకుంటారు, అందులో క్రీమో, బటరో పడి ఉంటే మీ ప్లేటు ఒక్కదానికి తియ్యలేరు. పొంగల్‌నైతే అసలు మర్చిపోండి. ఉలవచారులో మీగడ వేసి ఇచ్చే చోట్లు ఎక్కువ, విడిగా ఇవ్వమనండి. బిర్యానీ హోటల్లో కుస్కా అంటే ముక్కల్లేని అన్నమని శాకాహారులు కొందరు తెచ్చుకుంటారు, అది చాలా చోట్ల చికెన్ హండీలోంచి తీసిందే. చైనీస్ బండి దగ్గర ఎగ్ ఫ్రైడ్‌రైస్, వెజ్ ఫ్రైడ్‌రైస్ ఒకే మూకుట్లో దొర్లుతాయి. థాయ్ కూరల్లో చేప సాస్, రొయ్యల పేస్టు మామూలు.

మన ఊళ్లో వీగన్‌కు అన్నిటికన్నా అనువైనది, చెబితే నవ్వుతారేమో, కర్రీ పాయింటే. అక్కడి తోటకూర పప్పు, గోంగూర పప్పు, బెండకాయ వేపుడు, సాంబారు, గోంగూర పచ్చడికి పోపు మామూలుగా నూనెతోనే. నెయ్యి వేస్తే ఆ ధరకు వాళ్లకు గిట్టుబాటు కాదు. ఉప్పూ నూనె ఎక్కువే అనుకోండి. పప్పు రెండు ప్యాకెట్లు, వేపుడు ఒకటి తీసుకోండి, తలకిందులుగా కాదు.

మీరు రాసిందంతా చదివితే నాకు కనిపించింది ఇదే. ప్లేట్‌లో ఏముండకూడదో జాగ్రత్తగా చూస్తున్నారు, ఏముండాలో చూడటం లేదు. మీ బరువుకు రోజుకు 45 గ్రాముల వరకు ప్రొటీన్ కావాలి. పల్చటి క్యాంటీన్ పప్పు, నాలుగు ఇడ్లీలతో అది రాదు. టిఫిన్ సెంటర్లో ఉప్మా బదులు పెసరట్టు తినండి, పొట్టుతో రుబ్బిన పెసలు కాబట్టి ప్రొటీన్, ఐరన్ రెండూ వస్తాయి. సాయంత్రం బిస్కెట్ల స్థానంలో శనగల గుగ్గిళ్లు, ఉడకబెట్టిన పల్లీలు. హాస్టల్లో కెటిల్ ఉంటే 30 గ్రాముల మీల్ మేకర్ వేడినీళ్లలో నానబెట్టి పిండి కూరలో కలిపేయండి, 15 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. క్యాల్షియం కోసం రాగి సంకటి, రాగి జావ (మజ్జిగ లేకుండా), నువ్వుల ఉండ, మునగాకు. పాలకూరలో క్యాల్షియం ఉన్నా ఒంటికి పట్టేది తక్కువ. గది దగ్గర పింక్ సాల్ట్ వాడుతుంటే మానేసి అయోడైజ్డ్ ఉప్పే వాడండి.

హిమోగ్లోబిన్ 10.4కు కారణం బి12 ఒక్కటే అయి ఉండకపోవచ్చు. ఐరన్ లోపంలో ఎర్రకణాలు చిన్నవవుతాయి, బి12 లోపంలో పెద్దవవుతాయి. రెండూ ఉంటే కణాల సగటు సైజు మామూలుగా కనిపించి రిపోర్టు బాగుందనిపిస్తుంది. కాబట్టి ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువైతే ఆ సంగతీ డాక్టర్‌కు చెప్పండి. పాలు మానేశాక మీరు మొదలుపెట్టిన బ్లాక్ కాఫీ టిఫిన్‌తో పాటు తాగుతుంటే, ఆ పెసరట్టులోని ఐరన్‌లో కొంత ఒంటికి పట్టదు. కాఫీ, టీలకు తిండికీ మధ్య గంట తేడా ఉంచండి, గుగ్గిళ్ల మీద నిమ్మకాయ పిండుకోండి.

ఇదే ప్రశ్న అమెరికా నుంచి అడిగే పాఠకులకూ ఒక మాట. అక్కడ పచ్చ చుక్క ఉండదు. అక్కడి మెక్‌డొనాల్డ్స్ ఫ్రెంచ్ ఫ్రైస్‌లో బీఫ్ ఫ్లేవర్, పాల పదార్థం ఉంటాయి, ఇక్కడి ఫ్రైస్ వేరు. మెక్సికన్ హోటళ్లలో బీన్స్‌ను పంది కొవ్వుతో వండే చోట్లుంటాయి, అడగండి. విమానంలో ఏవీఎంఎల్ అని బుక్ చేస్తే ఏషియన్ వెజిటేరియన్, అందులో పెరుగు, పన్నీరు వస్తాయి. వీగన్ భోజనం కోడ్ వీజీఎంఎల్. కనీసం ఒక రోజు ముందే చెప్పి పెట్టుకోవాలి.

మీరు బి12, రక్త పరీక్ష రెండు మూడు నెలల తర్వాత మళ్లీ చేయించండి. ఈలోగా తిమ్మిర్లు కాళ్ల నుంచి పైకి పాకినా, చీకట్లో నడిస్తే తూలినట్టున్నా, మతిమరుపు మొదలైనా ఆ రోజే న్యూరాలజిస్టును కలవండి. ప్రెగ్నెన్సీ ఆలోచన ఉంటే బి12 సరయ్యే దాకా ఆగండి. గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లిన మొదటి రోజే వీగన్‌నని చెప్పండి, మామూలుగా రాసే ఫోలిక్ యాసిడ్, ఐరన్‌తో పాటు మీకు బి12 కూడా రాయాల్సి ఉంటుంది.