కరిగిపోయిన హెడ్‌లైట్ వైరింగ్ గురించి మా అల్లుడికి

అల్లుడూ,

నువ్వు పంపిన ఫోటోలు పెద్దవి చేసి మరీ చూశాను. ఎడమ పక్క హోల్డర్ మాడిపోయి బల్బు పిన్నులకి అతుక్కుపోయింది, వైరు మీద తొడుగు జానెడు మేర కరిగి లోపల రాగి కనపడతా ఉంది. కొత్త హోల్డర్ కొనుక్కొచ్చి వైర్లు మెలిపెట్టి టేపు చుట్టేసి రేపు రాత్రి లోడుకి వెళ్ళిపోదాం అనుకుంటున్నావంట, అక్క చెప్పింది. వెళ్ళొద్దురా. మామిడి సీజన్ అని నాకూ తెలుసు, నూజివీడు నుంచి నున్న మార్కెట్‌కి కాయ తోలే రోజుల్లో బండి ఇంటి దగ్గర నిలబడితే ఎంత బాధగా ఉంటుందో కూడా తెలుసు, కానీ ఈ ఒక్క లోడు ఎవరికైనా అప్పజెప్పి పని సరిగ్గా చేసుకో. హోల్డర్ ఒక్కటి మారిస్తే నెల తిరక్కుండా కొత్తది కూడా అలాగే కరుగుద్ది, ఆటోనగర్‌లో నా షాపుకి ఇలా రెండోసారి మూడోసారి వచ్చిన బళ్ళు లెక్కలేనన్ని చూశాను.

నువ్వు అడిగావే, ఇంత వైరు కరిగితే ఫ్యూజు ఎందుకు కొట్టలేదు మావయ్యా అని, అసలు పట్టుకోవాల్సింది అక్కడే. ఫ్యూజు చూసేది కరెంటు ఎంత పోతుందో అంతే, దారిలో ఎక్కడ వేడెక్కుతుందో దానికి తెలీదు. హోల్డర్ లోపల ఇత్తడి క్లిప్పు లూజ్ అయ్యి బల్బు పిన్నుని సరిగ్గా పట్టుకోకపోతే ఆ ఒక్క చోటే రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డు, పెరుగుద్ది. ఆ అడ్డుని కొలిచే ఓమ్‌లో అయిదో వంతు అనుకో, అయిదు ఆంప్స్ పోతుంటే అక్కడ 5 వాట్ల వేడి పుడుద్ది, ఎనిమిది ఆంప్స్ పోతుంటే దాదాపు 13 వాట్లు. చింతగింజంత చోట అంత వేడి అంటే చిన్న సోల్డరింగ్ ఐరన్ పెట్టి గంటల తరబడి కాల్చినట్టే కదా. ఫ్యూజు దృష్టిలో మాత్రం అంతా బాగానే ఉన్నట్టు, ఇంకా చెప్పాలంటే లూజ్ కాంటాక్ట్ వల్ల కరెంటు ఒక పిసరు తగ్గుద్ది కూడా. పైగా ఒకసారి వేడెక్కిన ఇత్తడికి స్ప్రింగ్ పట్టు పోద్ది, పట్టు పోతే ఇంకా లూజ్, ఇంకా వేడి. ఆ హోల్డర్ పారెయ్యకుండా కటింగ్ ప్లయర్‌తో పగలగొట్టి లోపల చూడు, ఒక క్లిప్పు మామూలు రంగులో ఉంటుంది, కాలింది నీలంగా ఊదాగా తిరిగి ఉంటుంది, వేలితో నొక్కితే వంగుద్ది గానీ వెనక్కి రాదు.

రెండో కారణం నువ్వు చెప్పకపోయినా ఫోటోలో దొరికింది. బల్బు అడుగున 100/90 అని ఉంది చూడు, అంటే బ్రైట్‌కి 100 వాట్లు, డిమ్‌కి 90. కంపెనీ వైరింగ్ వేసింది 60/55 హెచ్4 బల్బుకి, బ్రైట్ వేస్తే బల్బుకి 5 ఆంప్స్, రెండిటికి 10. నువ్వు కొన్నప్పుడే ఉన్నాయో తర్వాత ఎవరు వేశారో గానీ ఈ 100 వాట్ల బల్బులకి ఒక్కోదానికి 8 ఆంప్స్ పైనే, రెండూ కలిపి 17 దాకా పోద్ది. కరెంటు ఒకటిన్నర రెట్లు దాటింది కదా అని వేడి కూడా అంతే పెరుగుద్ది అనుకోకు, అది దాదాపు మూడింతలు అయిద్ది. ఇంకోటి, ఫ్యూజు బాక్సులో హెడ్‌లైట్ దగ్గర ఆకుపచ్చ ఫ్యూజు ఉంది, అది 30 ఆంప్స్. నీలం రంగుది అయితే 15. ఎవరో చిన్న ఫ్యూజు కొట్టేస్తుందని పెద్దది పెట్టి చేతులు దులుపుకున్నారు. ఆ సన్న వైరుకి 30 ఆంప్స్ ఫ్యూజు ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే, షార్ట్ అయితే ముందు కాలేది వైరే.

ముందు బ్యాటరీ నెగటివ్ పీకెయ్. బ్యాటరీ తగిలించి ఉండగా ఒక్క వైరు కూడా కొయ్యొద్దు. తర్వాత కాలిన చోట నుంచి వెనక్కి హార్నెస్ (వైర్లన్నీ కలిపి కట్టిన కట్ట) మీద టేపు మొత్తం విప్పుకుంటూ పో, బాగున్న వైరు కనపడిందని అక్కడితో ఆగొద్దు, ఇంకో మూరెడు విప్పు. కరిగిన వైరు పక్కన హారన్ వైరు, పార్కింగ్ వైరు, ఇండికేటర్ వైరు కలిసి పోతుంటాయి, వాటి తొడుగు కూడా మెత్తబడి ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, పైకి తెలీదు. ప్రతి వైరునీ వేళ్ళతో వంచి చూడు, మెత్తగా వంగితే మంచిది, పుల్లలా గట్టిపడి పెళుసుగా విరిగితే అది అయిపోయినట్టే. కోసినప్పుడు లోపల రాగి మెరవాలి. నల్లగా ఉంటే ఇంకొంచెం వెనక్కి కొయ్యి, మెరిసే రాగి వచ్చేదాకా కోస్తూనే ఉండు, నల్లబడిన రాగికి సోల్డర్ పట్టదు, వైరు చివర లగ్గు (బిగించడానికి తొడిగే లోహపు ముక్క) నొక్కినా కాంటాక్ట్ సరిగ్గా రాదు. బానెట్ నుంచి క్యాబిన్ లోపలికి వైర్లు దూరే చోట రబ్బరు బుష్ ఉందో లేదో కూడా చూడు, పాత బళ్ళల్లో అది ఎండి ఊడిపోయి రేకు అంచు వైరుని కోస్తా ఉంటుంది.

స్టీరింగ్ కింద డిమ్ డిప్ స్విచ్ కూడా వదలొద్దు. కవర్ విప్పి వాసన చూడు, వెనక ప్లాస్టిక్ గోధుమ రంగులోకి తిరిగితే లోపల కాంటాక్టులు కాలినట్టే, మార్చెయ్యి. ఇన్నాళ్ళూ 17 ఆంప్స్ ఆ చిన్న స్విచ్ మీంచే పోయినియ్.

కాలినవన్నీ తీసేసి కొత్త వైర్లు వేసినాక బ్యాటరీ తగిలించి, ఇంజిన్ స్టార్ట్ చేసి కొంచెం రేజ్ ఇచ్చి బ్యాటరీ మీద మల్టీమీటర్ పెట్టు. 13.8 నుంచి 14.4 మధ్యలో ఉండాలి. 15 దాటితే ఆల్టర్నేటర్ వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయినట్టు, అది బాగు చెయ్యకుండా ఏ బల్బు పెట్టినా మాడుద్ది. అది బాగుంటే లైట్లు వేసి, మీటర్ ఎర్ర వైరు బ్యాటరీ పాజిటివ్ మీద, నల్ల వైరు హోల్డర్ వెనక నుంచి బల్బుకి పాజిటివ్ వచ్చే క్లిప్పుకి ఆనించు, బల్బు హోల్డర్‌లోనే వెలుగుతూ ఉండాలి, తీసేసి చూస్తే ఏమీ తెలీదు. వచ్చిన రీడింగే దారిలో పోగొట్టుకున్న వోల్టేజీ. అర వోల్టు లోపు అయితే ఫర్వాలేదు. ఒకటిన్నర రెండు చూపిస్తే నల్ల వైరుని వెనక్కి జరుపుకుంటూ రా, స్విచ్ దగ్గర, ఫ్యూజు దగ్గర, ఎక్కడ రీడింగ్ ఒక్కసారిగా పడిపోతుందో దానికీ అంతకుముందు చూసినదానికీ మధ్యలో ఉంది దొంగ. అలాగే బ్యాటరీ నెగటివ్‌కీ హోల్డర్ ఎర్త్ క్లిప్పుకీ (కరెంటు బాడీ మీంచి నెగటివ్‌కి తిరిగి పోయే దారి) మధ్య కూడా చూడు, అక్కడ 0.2 దాటకూడదు. చాలామంది ఎర్త్ చూడరు, నా అనుభవంలో సగం బళ్ళకి జబ్బు అక్కడే, రేడియేటర్ పక్కన తుప్పు పట్టిన బోల్టు కింద ఉంటుంది.

ఈ టెస్టులో ఎంత తక్కువ వచ్చినా సరే నువ్వు రిలే వైరింగ్ వేసుకోవాలి, ఇది మాత్రం నా మాట విను. రిలే అంటే లోపలి కాయిల్‌కి కొద్ది కరెంటు ఇస్తే పెద్ద కరెంటుని కలిపే స్విచ్. నాలుగు పిన్నుల రిలేలు రెండు, 30 ఆంప్స్‌వి చాలు, ఒకటి డిమ్‌కి ఒకటి బ్రైట్‌కి. బ్యాటరీ పాజిటివ్ నుంచి 4 స్క్వేర్ ఎంఎం వైరు, బ్యాటరీకి జానెడు లోపే రెండు 15 ఆంప్స్ ఫ్యూజులు, ఒక్కో ఫ్యూజు నుంచి ఒక్కో రిలే మీద 30 అని రాసి ఉన్న పిన్నుకి. 87 పిన్ను నుంచి రెండు బల్బులకీ 2.5 స్క్వేర్ ఎంఎం వైరు. బల్బుల మూడో పిన్ను (డిమ్‌కీ బ్రైట్‌కీ ఉమ్మడిది) నుంచి నేరుగా బాడీ ఎర్త్‌కి, అది కూడా 2.5 వైరే, సన్నది వేస్తే పనంతా వేస్ట్. 85, 86 పిన్నులు కాయిల్‌వి, వాటికి పాత హోల్డర్ దగ్గరకొచ్చే వైర్లు వాడు. కొన్ని బళ్ళల్లో స్విచ్ పాజిటివ్‌ని తెంపుద్ది, కొన్నిట్లో ఎర్త్‌ని తెంపుద్ది, నీది ఏదో తేల్చుకోలేక తల బద్దలు కొట్టుకోకు, పాత హోల్డర్‌లో డిమ్ బల్బుకి ఏ రెండు వైర్లు పోతున్నాయో అవే రెండూ డిమ్ రిలే కాయిల్‌కి ఇవ్వు, బ్రైట్‌కి పోయే రెండూ బ్రైట్ రిలేకి, ఎలా తెంపినా పని చేసుద్ది. రిలే లోపల డయోడ్ (కరెంటుని ఒక వైపే పోనిచ్చేది) ఉంటే మాత్రం 86 పాజిటివ్ పక్కకే ఉండాలి, కొనేటప్పుడే డయోడ్ లేనిది అడుగు. బల్బు మూడు పిన్నుల్లో ఏది ఏదో కూడా గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఒక పక్కన పెట్టుకుని బ్యాటరీ మీద రెండేసి పిన్నులు తాకించి ఏ ఫిలమెంట్ నిండుగా వెలుగుతుందో చూసుకుని మార్కర్‌తో రాసుకో.

ఇప్పుడు స్విచ్ మీంచి పోయేది కాయిల్ కరెంటే, ఆంప్‌లో ఆరో వంతో అయిదో వంతో అంతే, ఆ పాత స్విచ్ ఇంక చాలా ఏళ్ళు బతుకుద్ది. రిలేలు పిన్నులు కిందికి ఉండేలా బిగించు, పైకి పెడితే వాన నీళ్ళు చేరతాయి. హోల్డర్లు సిరామిక్‌వి కొను, ప్లాస్టిక్‌వి వద్దు. లగ్గులు మంచి క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కి గట్టిగా లాగి చూడు, మీద హీట్ ష్రింక్ స్లీవ్ వెయ్యి, వైర్ల మీద ముడతల పైపు తొడిగి గుడ్డ టేపు చుట్టు. మామూలు నల్ల టేపు ఇంజిన్ వేడికి జిగురు కారి ఊడిపోద్ది. ఇంట్లో మిగిలిన కరెంటు వైరు ఉందని అది వాడకు, బండి అదురుకి ఆ లావు పోగులు తెగిపోతాయి. ఎర్త్ బోల్టు దగ్గర పెయింటు గీకి తెల్ల రేకు కనపడ్డాక రింగ్ లగ్గు బిగించి పైన వాసలీన్ రాయి, బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి పోయే పట్టీ కూడా అలాగే విప్పి శుభ్రం చెయ్యి.

బల్బులు 60/55 వే పెట్టు. వెలుగు సరిపోదని నువ్వు అంటావు, తెలుసు. ఫిలమెంట్ బల్బుకి వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు ముప్ఫై శాతం దాకా పడిపోద్ది, ఇన్నాళ్ళూ నీకు వెలుగు లేకపోవడానికి కారణం బల్బు చిన్నదని కాదు, బల్బు దాకా వోల్టేజీ రాకపోవడం. రిలే పెట్టిన రోజు రాత్రి నూజివీడు రోడ్డు మీద వేసి చూడు, నువ్వే చెప్తావు. ఎల్‌ఈడీ పెట్టమని కుర్రాళ్ళు చెప్తారు, కరెంటు తక్కువ తీసుకునే మాట నిజమే గానీ నీ రిఫ్లెక్టర్ ఫిలమెంట్ ఉండే చోటుకి లెక్కగట్టి చేసింది, అందులో ఎల్‌ఈడీ పెడితే చాలాసార్లు వెలుగు చెదిరి ఎదురొచ్చే బైకు వాడి కళ్ళల్లో కొడుద్ది. చిన్న రోడ్ల మీద రాత్రిపూట పిల్లలు, ముసలివాళ్ళు నడుస్తుంటారు రా, మనకి కనపడటం ఎంత ముఖ్యమో ఎదుటి వాడికి కనపడటం అంతే ముఖ్యం. హాలోజెన్ బల్బు గాజుని చేత్తో ముట్టుకోకు, గుడ్డతో పట్టుకో.

అంతా అయ్యాక అరగంట లైట్లు వేసి ఉంచి ప్రతి జాయింటు, ఫ్యూజు, రిలే, హోల్డర్ వెనక వైరు చేత్తో పట్టుకుని చూడు. రిలే కొద్దిగా వెచ్చగా ఉంటే మామూలే, వైరు మాత్రం చెయ్యి కాలేలా ఉండకూడదు, ఉంటే ఆ జాయింటు మళ్ళీ చెయ్యి. లోడు బండిలో ఉన్నప్పుడు గోడ మీద బీమ్ ఎత్తు కూడా సరిచూడు, వెనక కాయ బరువుకి ముందు భాగం లేచి లైటు పైకి కొడుతుంది. పది నంబర్ స్పానర్ ఒకటి డ్యాష్‌బోర్డులో పెట్టుకో, ఎప్పుడైనా కాలిన వాసన వస్తే లైట్లు ఆపి, బండి పక్కకి తీసి, ఏమైందా అని వెతక్కుండా ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీయి.

సిరామిక్ హోల్డర్లు రెండు, రిలేలు రెండు రేపు పొద్దున బస్సులో పంపిస్తున్నా, వైరు, లగ్గులు అక్కడే కొనుక్కో. హార్నెస్ విప్పాక టేపు చుట్టకముందు ఫోటోలు పంపు, ఎర్త్ బోల్టు దగ్గరిది మర్చిపోకు, అది చూసి ఫోన్ చేస్తా.

మీ మావయ్య